అమెరికా నటి నవ్వు

చేతిలో ఫోను, ఎదుట అద్దం ఉంటే చాలు, సినిమావాళ్లే వెతుక్కుంటూ ఇంటికొస్తారని నమ్మే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నేను చిలకలూరిపేటలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. (మార్కుల సంగతి అడక్కండి.) కాలేజీ వార్షికోత్సవంలో ఏకపాత్రాభినయానికి మా ఇంగ్లీషు మేడం నన్ను ఎంచుకున్నారు. పాత్ర ఒక అమెరికా నటి. చిన్న ఊరి నాటకశాలలో టికెట్లు చింపుతూ మొదలై, వేషాలు వేసి, సినిమాలకు వెళ్తే "ఆ ముక్కేంటి?" అని తిప్పి పంపినా, అదే ముక్కుతో పెద్ద హీరోయినై, ముసలితనంలో మళ్లీ నాటకాలకే వచ్చేసిన మహాతల్లి. చివరికి పెద్ద అవార్డు ఇస్తే కంటతడి పెట్టలేదట, హాయిగా నవ్విందట. "ఆ నవ్వే ప్రాణం. ఏడ్చావో, నాటకం పోయినట్టే" అన్నారు మేడం. నెల రోజులు అద్దం ముందు నవ్వాను. మా గేదె కూడా నన్ను అనుమానంగా చూసేది. మరి నాన్న మాటిచ్చాడు: "కప్పు తెస్తే హైదరాబాదులో యాక్టింగ్ కోర్సుకి పంపుతా. లేదంటే నోర్మూసుకుని బీఈడీ చెయ్యాల."

తీరా వార్షికోత్సవం రోజు పొద్దున మా మిరప కల్లానికి కూలీలు రాలేదు. "నటీమణి గారూ, కాస్త మిరపకాయల తొడిమలు తీసి పోండి" అంది అమ్మ. మధ్యాహ్నం దాకా కల్లంలో కూర్చుని తీశాను. సబ్బుతో చేతులు శుభ్రంగా కడుక్కుని బస్సెక్కాను. నాటకం బ్రహ్మాండంగా సాగింది. అవార్డుకు ముందు ఆ నటి అద్దంలో చూసుకుంటూ కాటుక దిద్దుకునే ఘట్టం వచ్చింది. దిద్దుకున్నాను, వేలితో, రెండు కళ్లకీ.

తర్వాత నాకు వేదిక కనబడలేదు. "నేను చాలా సంతోషంగా ఉన్నాను" అన్నాను, కన్నీళ్లు ధారగా కారుతుంటే. ముక్కు కూడా కలిసింది. నవ్వబోతే తుమ్ములొచ్చాయి. హాలంతా వెక్కి వెక్కి ఏడుపులు! ఏడిస్తే నాటకం పోయినట్టేనన్న మేడం తెర పక్కన పైటకొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. "సంతోషంలోంచి దుఃఖాన్ని పిండింది ఈ అమ్మాయి" అని కప్పు నా చేతికిచ్చారు న్యాయనిర్ణేత. మొత్తం హాల్లో ఏడవని మనిషి నాన్నొక్కడే.

ఇంటికెళ్తూ బండి మీద అడిగాడు. "చేతులు దేంతో కడిగావ్?"

"సబ్బుతో."

"సబ్బుకి తేజా మిరపకాయల మంట పోద్దటే పిచ్చిమొహమా? కొబ్బరి నూనె రాయాల గానీ!"

"సర్లే నాన్నా, కోర్సు ఎప్పుడు?"

"కప్పు నీకెక్కడొచ్చిందే? మన కాయలకొచ్చింది. కావాలంటే వాటిని పంపుతా హైదరాబాదు."

రాత్రంతా ఏడ్చాను. అది మాత్రం మిరపకాయల వల్ల కాదు. బీఈడీ చేశాను, టీచరునయ్యాను. ఇప్పుడు స్టాఫ్ రూములో ఎవరైనా ఫోనులో అవార్డు అందుకుని ఏడుస్తున్న నటిని చూపిస్తే, అందరూ కరిగిపోతారు. నేను ఆవిడ వేళ్ల వంక చూస్తాను. కానీ నెల రోజులు సాధన చేసిన ఆ నవ్వును ఇంతవరకూ ఎవరూ చూడలేదు కదా అనిపిస్తుంది. అందుకే అప్పుడప్పుడూ ఇంట్లో ఎవరూ లేనప్పుడు, చేతులకు కొబ్బరి నూనె రాసుకుని, అద్దం ముందు నిలబడి నవ్వుతాను. బాగానే వస్తుంది.