విరిగిన వేలు, నా వేదాంతం

ఈ రోజు ఆళ్లగడ్డ వెళ్లాను, నాలుగు నెలల క్రితం ఒక శిల్పికి చెప్పి చేయించుకున్న రెండడుగుల నల్లరాతి బుద్ధుణ్ణి నంద్యాల తెచ్చుకుందామని. శిల్పి పెద్దాయన వద్దంటున్నా వినకుండా, ఆటోలోకి ఎక్కించేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. నా వైపు పట్టు జారింది. విగ్రహం ఆటో కమ్మీకి కొట్టుకుని, అభయమిచ్చే చేతి చూపుడువేలు విరిగి కింద పడింది.

ఆయన ఆ ముక్కను తీసుకుని అరుగు మీద కూర్చుండిపోయాడు. కంగారులో నా నోటికి వచ్చిన మాట ఇది: "పోనీలే అన్నా, ఏదీ శాశ్వతం కాదని చెప్పింది ఈయనే కదా."

"తగిలించింది నువ్వు. ఆయప్ప మీదికి తోస్తాండావేందమ్మా? నాలుగు నెల్లు చెక్కింది నేను."

క్షమించమన్నాను. ఆయన లేచి విగ్రహం చేతిని తడిమి చూసి, "ఏలు అతికిస్తే నిలవదు, ఉన్న రాయిలోనే చెయ్యంతా ఇంకొంచెం చిన్నగా చెక్కాల. నెల పడ్తాది, పోయి రా" అన్నాడు.

ఖాళీ చేతులతో బస్సెక్కాను. బుద్ధుడి మాట అబద్ధమని ఇప్పటికీ అనిపించడం లేదు. అమ్మ పోయినప్పుడు నన్ను నిలబెట్టింది ఆ మాటే, కాకపోతే అప్పుడది నాకు నేను చెప్పుకున్నాను. ఈ రోజు దానితో నా తప్పు తుడుచుకోబోయాను. మీలో ఎవరైనా ఇలా బుద్ధుణ్ణి అడ్డం పెట్టుకున్నారా, లేక నేనొక్కదాన్నేనా?