నందిపేట బస్సులో నెయ్యి

ఆ చలికాలం ఆర్మూర్ పసుపు మార్కెట్లో వేలం ధరలు అరిచే పని నాది. నోటితో బతికేవాణ్ణి; పెదాలు పగిలి, నోరు మెదిపితే రక్తం. నందిపేట బస్సులో పక్కన కూర్చున్న పసుపు రైతు పెద్దమ్మ నన్ను చూసి చూసి విసిగింది.

“పెదాలు నాకుతనే ఉంటవేంది బిడ్డా?”

“ఎండుతున్నయ్ పెద్దమ్మా, తడుపుతున్న.”

“ఎండే పసుపును గిట్లనే తడుపుతవా? ఊకె తడిసి ఎండితే ఖరాబే గద!”

సద్ది గిన్నెలోంచి కొంచెం నెయ్యి తీసి నా వేలికి పెట్టింది. రాసుకున్నాను. కమ్మగా ఉంది, నాకేశాను.

“నీ నాలుక పాడుగాను! రాసుకునేది తింటవా?”

మళ్ళీ పెట్టింది. ఆర్మూర్ దాకా నాలుక తొంగిచూసినప్పుడల్లా నా పక్కటెముకల్లో మోచేత్తో పొడిచింది.

వారంలో పెదాలు మానాయి, నా అరుపులు మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పటికీ నాలుక కదిలితే ముందు పక్కటెముకే ఉలిక్కిపడుతుంది.