ఎల్లాజీ ఏడో మిషను

మా కంచరపాలెంలో ఎల్లాజీ అంత తిక్క మనిషి ఇంకొకడు లేడు. పోర్టులో క్రేన్ల ఫిట్టరు. జీతం రోజున అందరూ సినిమాకో చేపల బజారుకో పోతే, ఇతను మాత్రం పాత ఇనుము కొట్టుకు పోయి తుప్పు పట్టిన కుట్టుమిషను భుజాన వేసుకుని వచ్చేవాడు. కిరసనాయిలుతో కడిగి, నూనె పోసి, చక్రం తిప్పి, "ఇను బావా, ఎంత నెమ్మదిగా మాటాడతందో!" అని నన్ను పిలిచేవాడు. నాకైతే అన్నీ టకటకలాగే వినిపించేవి.

నాలుగు మిషన్లు చేరేసరికి ఇంట్లో కాళ్ళు చాపుకునే చోటు లేకుండా పోయింది. భార్య నూకాలు ఒట్టు పెట్టింది.

"ఐదో మిషను ఈ గడప దాటిందా, నాను సబ్బవరం మా అమ్మకాడికి ఎల్లిపోతాను. మళ్ళీ రాను."

నూకాలు మాటంటే మాటే. ఎల్లాజీకి ఆవిడంటే ప్రాణం. అయినా కొనడం మానలేదు. ఐదోది మా ఇంట్లో బియ్యం డబ్బా వెనక దాచాడు, ఆరోది ఎదురింటి పోతమ్మ మంచం కింద, ఏడోది సందు చివర పైడితల్లి వంటింట్లో. ఇక చొక్కా కుట్టాలంటే చూడాలి అవస్థ! కాలరుకు మా ఇంటి మిషనే కావాలట, జేబుకు పోతమ్మ ఇంటిదేనట. ఒక చెయ్యే అతికిన చొక్కా పట్టుకుని వీధంతా తిరిగేవాడు.

ఎనభై మూడులో దసరా వచ్చింది. పూజనాడు బొట్టు పెట్టకపోతే మిషను అలుగుతుందని ఎల్లాజీ నమ్మకం. ఇంట్లో నాలుగింటికీ పూజ అయ్యాక, మూడు నిమ్మకాయలు, మూడు బంతిపూల దండలు సంచిలో వేసుకుని, "క్రేను పూజ సూసొత్తాను" అని బయటపడి, నన్నూ లాక్కెళ్ళాడు. మా ఇంట్లో అయింది, పోతమ్మ ఇంట్లో అయింది. పైడితల్లి వంటింట్లోకి వెళ్తే, ఏడో మిషనుకు అప్పటికే పసుపు, కుంకుమ, నిమ్మకాయ!

"పొద్దుటే నూకాలొచ్చి ఎట్టీసి ఎల్లింది" అంది పైడితల్లి, పులిహోర కలుపుతూ.

ఎల్లాజీ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఈపాటికి సబ్బవరం బస్సెక్కీసుంటాది బావా" అంటూ పరుగు తీశాడు. నాకూ భయం వేసింది. దొంగసరుకు దాచినవాణ్ణే కదా.

నూకాలు తమ ఇంటి అరుగు మీదే కూర్చుని ఉంది.

"నీకెలాగ తెలిసినాదే?" అన్నాడు ఎల్లాజీ రొప్పుతూ.

"నువ్వు కుట్టిన జాకెట్టే సెప్పింది. ఇంత సన్నకుట్టు మనింట్లో ఏ మిషనేసింది? నెల్రోజులు నీ ఎనకాలే తిరిగి మూడూ సూసినాను. ఆ కుట్టేసింది పైడితల్లి ఇంటిదే, అందుకే దానికి బొట్టెట్టినాను."

"అయితే ఎల్లిపోతావా?" అన్నాడు ఎల్లాజీ.

"గడప దాటితే ఎల్తానన్నాను. అరుగు గడపకి ఇవతలే కదేటి? మూడూ తెచ్చి ఇక్కడెట్టు. ఒంటిసెయ్యి సొక్కాతో ఈదిలో తిరగతంటే నాకే సిగ్గేత్తంది."

ఎల్లాజీ కళ్ళు తుడుచుకుని, సంచిలో మిగిలిన దండ తీసి ఇచ్చాడు.

"మిషనుకి తెచ్చింది నాకిత్తావా?" అని కసురుకుంటూనే ఆవిడ దాన్ని కొప్పులో తురుముకుంది.

నిమ్మకాయ కూడా తీయబోతుంటే నేనే అతని చెయ్యి పట్టుకుని ఆపాను.