ఎర్ల్ మోసిన నీలాపనింద

మా ఆయన్ని బార్‌లోంచి గెంటేసింది ఎర్ల్ కాదు. అందరూ చెప్పుకునే ఆ కథ శుద్ధ అబద్ధం. ఏళ్ల తరబడి దాన్ని గుండెల మీద బండలా మోస్తున్నదాన్ని, నాకు తెలుసు. మీరు వింటే చాలు, ఓదార్చక్కర్లేదు.

అప్పుడు అల్ఫారెట్టాలో ఉండేవాళ్లం. ఆయనది హెచ్‌వన్‌బీ, నాది డిపెండెంట్ వీసా. వారమంతా కోడ్ రాసే మనిషి శనివారం సాయంత్రాలు ఊరి బయట ఎర్ల్ అనే తెల్ల ముసలాయన బార్‌లో సొంతంగా కట్టిన కంట్రీ పాటలు, అక్కడి పల్లెల బాణీవి, పాడేవాడు. మ్యూజిక్ కంపెనీలకు తలొంచనివాళ్ల బాణీ. ఔట్‌లా కంట్రీ అంటారు. గిటారు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది ఎర్లే. పాడినందుకు డబ్బిచ్చేవాడు. ఆ వీసా మీద కంపెనీ జీతం తప్ప ఇంకో సంపాదన నేరం. పట్టుబడితే పెట్టెలు సర్దుకోవాల్సిందే. వాదనలో నేనెవరికీ ఓడను. ఈయనతో మాత్రం కుదరదు. వాదించడు, ఈల వేస్తాడు.

పేరు చెప్పకుండా ఎర్ల్‌కి ఫోన్ చేశాను. మా ఆయన్ని మళ్లీ స్టేజీ ఎక్కిస్తే ఇమ్మిగ్రేషన్‌కి కంప్లయింట్ ఇస్తానన్నాను. డబ్బివ్వను, ఊరికే పాడనివ్వనా అని బతిమాలాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నాను? వీసా భయమే అయితే అక్కడితో తీరిపోవాలి కదా? ఎమ్మెస్సీ చదివి, పనిచేసే హక్కు లేక గిన్నెలు తోముకుంటున్నాను. ఈయనకు ఉద్యోగమూ ఉంది, పాటా ఉంది. ఆ కుళ్లుకి భయమని పేరు పెట్టుకున్నాను.

శనివారం ఆయన వెళ్లినంత త్వరగా తిరిగొచ్చాడు.

"ఇక రావద్దన్నాడు ముసలాడు."

"ఎందుకట?"

"చెప్పలేదు. రంగు చూసేమో."

"మరి? మీరేమన్నా ఆయన మేనల్లుడా, నెత్తిన పెట్టుకోడానికి?"

ఫోన్ కన్నా పెద్ద పాపం, ఆయన అనుమానాన్ని ఖాయం చేసిన ఈ మాట.

ఆ కోపంలో ఎర్ల్‌ని పేరు పెట్టి తిడుతూ పాట కట్టాడు. గ్రీన్‌కార్డు వచ్చాక ఉద్యోగం మానేసి ఊరూరా తిరిగి పాడాడు. ఆ పాటే ఆయన్ని పైకి తెచ్చింది. ఎర్ల్ పేరు వచ్చినప్పుడల్లా జనం ఛీ కొడతారు. తెల్లవాడి అహంకారానికి బుద్ధి చెప్పాడని మనవాళ్లు సన్మానాలు చేస్తారు. పక్కన నించుని నేనూ శాలువా కప్పించుకున్నాను.

పోయినేడు ఎర్ల్ చనిపోయాడు. మా ఆయన వెళ్లలేదు. నేను వెళ్లమనలేదు. పేరు పెట్టకపోయినా ఇది ఎవరు రాశారో మా ఆయన ఇట్టే పోల్చుకుంటాడు, పోల్చుకోనీ. క్షమించాల్సినవాడు లేడు గనక క్షమాపణ అడగను. చెప్పేశాను, కాస్త ఊపిరాడుతోంది.

ఒక్కటే మిగిలింది. ఎర్ల్‌తో నేను ఆ బార్‌లో ముఖాముఖి మాట్లాడినదాన్నే. నా తెలుగు యాసతో ఫోన్ చేసే ఆడది ఇంకెవరుంటారు? గొంతు గుర్తుపట్టే ఉంటాడు. పాటలో అన్ని తిట్లు తిని కూడా, మా ఆయనకి ఆ ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదు?