చెరువు గాలికి కట్టిన కిరాయి

పెళ్లైన కొత్తలో మానుకోటలో మేము అద్దెకున్న మేడమీది వాటాకు ఎదురుగా చెరువు. ఊరి నడుమ అలాంటి ఇల్లు దొరకడం తన జాతకంలో గొప్ప యోగమని మా ఆయన నమ్మకం. ఇంటి యజమాని ముసలాయనకు కూడా ఆ సంగతి తెలుసు. వానలకు చెరువు నిండగానే కర్ర టకటకలాడిస్తూ మెట్లెక్కి వచ్చేవాడు.

"నీళ్లొచ్చినయి, చూసిన్రా?" అనేవాడు. కిరాయి పెరిగిందని మేమే అర్థం చేసుకోవాలి. ఎండాకాలం చెరువు అడుగంటితే మాత్రం మా గడప తొక్కిన పాపాన పోలేదు.

"గాలి కొనుక్కుంటున్నం, గంతే," అని మా ఆయన నన్ను సముదాయించేవాడు. ఆ గాలితోపాటు దోమలు ఉచితం.

అవన్నీ సర్దుకున్నాను. సర్దుకోలేనిది బతుకమ్మ పండుగే. ఆ పండుగకు ఆడపిల్లలు తల్లిగారింటికి పోతారు. నా తల్లిగారిల్లు గూడూరులో, గంటసేపు బస్సు ప్రయాణం. కానీ మా అత్తగారి ఊళ్లో బతుకమ్మలను వదిలే చెరువుకు చాలా దూరం నడవాలి. మా వాకిట్లోంచి నాలుగడుగులు వేస్తే నీళ్లు. అందుకని నా ఆడబిడ్డలిద్దరూ పిల్లలతో సహా, పండుగ మొదలయ్యే అమావాస్యకు ముందే మా ఇంట్లో దిగేవారు.

"వదినె, నీ ఇల్లుండంగ మాకు వేరే తల్లిగారిల్లెందుకు?" అని పెద్దామె మురిసిపోయేది. మంచి మనుషులే, నన్ను పల్లెత్తు మాట అన్నది లేదు. అందుకే కాబోలు, నాకూ ఒక తల్లిగారిల్లు ఉందని నేను చెప్పలేకపోయాను. వరుసగా మూడేళ్లు తొమ్మిది రోజులూ వంటింట్లోనే గడిచాయి. ఆఖరి రోజైన సద్దుల నాడు అందరూ చెరువు దగ్గర పాడుతుంటే నాకు అమ్మ మీద బెంగతో ఏడుపొచ్చేది.

మూడో ఏడు సద్దుల పొద్దున అమ్మ తంగేడు పూల మూటతో మెట్లెక్కి వచ్చింది. కూతురింట్లో మంచినీళ్లు తాగడానికే మొహమాటపడే మనిషి, పండుగ పూట రావడమా అని నేను నోరు తెరిచాను.

"అల్లుని ఇంటి ముంగట చెరువు మస్తుగున్నదన్నరు. జర చూసిపోదామని వచ్చిన," అంది.

మా గూడూరు చెరువు ముందు ఇది మడుగు. ఆ సంగతి ఆమెకు తెలియదా? అయినా మా ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేస్తే బుద్ధిగా కూర్చుని నీళ్లు చూసింది. ఆ వంకన నేను కలిపే పులిహోర, నూరే నువ్వులు, కడిగే గిన్నెలు కూడా చూసింది. తరవాత కొంగు బిగించి నా పక్కన వంటకు కూర్చుంది.

మర్నాడు అమ్మను బస్టాండుకు తీసుకుపోతూ మా ఆయన గర్వంగా అడిగాడు.

"అత్తమ్మా, మా ఇంటి గాలి ఎట్లున్నది?"

"గాలి మంచిగనే ఉన్నది అల్లుడా. పిల్లే సగమైంది."

దీపావళి లోపలే ఆయన స్టేషన్ వెనక సందులో, చెరువు జాడే లేని ఇంటికి కాపురం మార్చాడు. మరుసటి ఏడు అమావాస్య నాడు తానే నన్ను గూడూరు బస్సెక్కించాడు. ఏ బస్సుకు వస్తానో అమ్మకు కబురు చేయలేదు. దిగేసరికి రోడ్డు పక్కనే నిలబడి ఉంది. పొద్దున్నుంచీ ఏ బస్సునూ వదల్లేదట.