తోటకూర పోలీసు

“ఈ తోటకూర కొనే తెచ్చినావా మే?”

“కొనే తెచ్చినా సామీ, ఇంగ తిను.”

నేనూ మా ఆయనా చివరగా మాట్లాడుకున్న మాటలివే. తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. పోయే ముందు తోటకూర సంగతి ఎందుకడిగాడా అనుకుంటారేమో, దాని వెనక ఒక సినిమా ఉంది. (నా చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. తప్పులుంటే దానివే.)

ఆ రోజుల్లో చిత్తూరులో సినిమా బాగుందో లేదో తేల్చేది మొదటి ఆట చూసి బయటికొచ్చినవాళ్ళే. మా ఆయన అప్పుడు కానిస్టేబులు. లంచాలు మేసే పోలీసుల మీద ఒక సినిమా వస్తే, ఉన్నది ఉన్నట్టు తీశారని పేపర్లు ఆకాశానికెత్తేశాయి. హాల్లో ఆ సినిమా కానిస్టేబులు జేబులో నోట్లు దోపుకున్నప్పుడల్లా జనం ఈలలు. నాకేమో ఒళ్ళు మండిపోయింది. గేటు దగ్గర పేపరాయన ఒకడు కెమెరా పట్టుకుని నిలబడి, సినిమా ఎట్లుందమ్మా అని అడగడమే ఆలస్యం, అందుకున్నాను.

“అంతా అబద్ధం నాయనా! మా ఆయనా పోలీసే. ఇన్నేండ్లలో అంగళ్ళోళ్ళు ఊరికే ఇచ్చే తోటకూర కట్ట తప్ప ఇంటికేమన్నా తెచ్చినాడా? కావాలంటే మా వంటింట్లోకొచ్చి సూడు!”

మొగుడి పరువు కాపాడానని ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాను. మర్నాడు ఆ మాటలు నా ఫోటోతో సహా పేపర్లో అచ్చయ్యాయి.

“నిన్నెవురు మే సాక్ష్యం సెప్పమన్నింది? ఇంగ నన్ను ఆ మూలనుండే సత్యవేడుకు ఏసేస్తారు!” అని మా ఆయన తల పట్టుకుని, టోపీ కూడా మరిచిపోయి స్టేషనుకు పోయాడు. నేను సామాన్లు మూటగట్టడం మొదలుపెట్టాను. (రోలు ఎట్లా మోసుకుపోవడమా అన్నదే నా దిగులు.)

సాయంత్రం వచ్చాడు. బదిలీ లేదట. ఇన్‌స్పెక్టరు ఆ పేపరు ముక్క కత్తిరించి, టేబులు అద్దం కింద పెట్టుకున్నాడట! “సూడండప్పా, మన స్టేషన్లో తోటకూర తప్ప ఇంకేమీ తినరని పేపర్లోనే పడిండాది. ఇంతకన్నా సర్టిఫికెట్టు ఏం గావాల?” అని వచ్చినవాళ్ళందరికీ చూపించాడట. (ఆయన మేడ మీద మేడ ఎట్లా లేపాడో ఊరంతటికీ తెలుసు.)

ఉద్యోగం ఉన్నచోటే నిలిచింది. పరువే మార్కెట్లో పోయింది. “తోటకూర పోలీసు వస్తుండాడు, కట్టలు దాసిపెట్టండే!” అని ఆకుకూరల ఆడవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. అప్పట్నించి ఆయన నలుగురికీ వినబడేట్టు బేరమాడి, డబ్బిచ్చి మరీ కొనేవాడు. రిటైరయ్యాక సంచి నా చేతికొచ్చింది, ‘కొనే తెచ్చినావా’ అన్న ప్రశ్న మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఇప్పటికీ కూరల ముసలమ్మ ఇంకో కట్ట కొసరు వెయ్యబోతే సంచి వెనక్కి లాక్కుంటాను. ఆమె వింతగా చూస్తుంది. నాకు నవ్వొస్తుంది.

“రాసింది సాలు పాపా. మొదట్నించి సదివి వినిపీ. ఆ ‘కొనే తెచ్చినావా’ అన్న కాడ మెత్తగా సదవద్దు. మీ పెదనాయన మాదిరి గద్దించి సదువు.”