గుండు ఆగే చోటు

భారతమ్మ గారి కోసం నేను రాసిపెట్టిన అర్జీలు పదకొండు. జాబులు వేరే. ఏన్కూరు దాటాక అడవి అంచున ఉన్న ఆ ఊరికి నేను వెళ్లింది పిల్లలకు పాఠాలు చెప్పడానికి. కానీ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయగలిగినవాడు ఊళ్లో మరొకడు లేకపోవడంతో నా చేతిరాత సగం ఆఫీసుల పాలైంది. అందులోనూ పెద్ద వాటా ఆవిడదే. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, మళ్లీ నాలో నేనే నవ్వుకుంటాను.

పెళ్లయిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి ఆవిడ. భర్త బసవపున్నయ్యతో కలిసి మోడులు పెకలించి ఆరెకరాల చేను చేసింది. పిల్లలు లేరు. ఆయన పోయేనాటికి ఆవిడకు యాభై దాటాయి. ఆయన వదిలివెళ్లిన వాటిలో చేను ఒకటి, రైఫిల్ లైసెన్సు ఒకటి. లైసెన్సులో రెండు అవసరాలు రాసి ఉన్నాయి: పంట రక్షణ, గురి సాధన. ఆయన జిల్లా రైఫిల్ క్లబ్బులో సభ్యుడు, ఆదివారాలు ఖమ్మం వెళ్లి కాగితానికి చిల్లులు పెట్టి వచ్చేవాడు. నా అర్జీల పుణ్యమా అని లైసెన్సు భారతమ్మ గారి పేరు మీదికి మారింది. తీరా చూస్తే తుపాకి గొట్టం లోపలంతా తుప్పు. దాన్ని స్టేషన్లో జమ చేయించుకుని, ఆరు నెలల్లో వేరేది కొనుక్కోమన్నారు.

ఇది ఎనభై ఏడు నాటి మాట. అప్పటికి వరసగా రెండేళ్లు వేరుశనగంతా అడవిపందులు తవ్వి తిన్నాయి. పట్టాలో సగానికి పేరున్న మరిది వెంకటరామారావు ఆ వానాకాలం విత్తనాలు వేస్తుండగానే గట్టు మీద నిలబడి తేల్చేశాడు.

"ఈ ఏడూ ఇంతే అయితే చేను అమ్మేద్దాం వదినా. నువ్వు బెజవాడలో మీ తమ్ముడింటికి వెళ్లిపో. హాయిగా ఉంటావు."

ఆ హాయి ఎలాంటిదో ఆవిడకు తెలుసు. తమ్ముడింట్లో వంటింటి పక్క వరండాలో ఒక మడతమంచం ఆవిడ కోసం ఎదురుచూస్తోంది. దాని మాటెత్తితే చాలు, ఆవిడ ముఖంలో నెత్తుటి చుక్క ఉండేది కాదు. "ఆ మంచం మీద పడుకునే కన్నా పందుల్తో పడుకుంటాను మేష్టారూ" అనేది నాతో. హాస్యానికి అన్న మాట కాదు.

రైఫిల్ కొనడానికి ఖమ్మం తీసుకువెళ్లింది కూడా నేనే. దుకాణం సాయబు మర్యాదస్తుడు. ఆవిడకు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి అసలు విషయం చెప్పాడు.

"తుపాకి తర్వాత అమ్మా, ముందుగాల తూటా తేల్చుకోండ్రి. ఏ తూటా అయితే దానికి తగ్గ తుపాకి."

బల్ల మీద రెండు తూటాలు పెట్టాడు. ఆవిడ ఒక్కోటి తీసి అరచేతిలో బరువు చూసింది, చెవి దగ్గర ఆడించింది, వాసన చూసింది.

"తాజావేనా?" అంది.

సాయబు నా వైపు చూశాడు. నేను చాయ్ వైపు చూశాను.

"చిన్నది ట్వంటీటూ" అన్నాడు ఆయన గొంతు సర్దుకుని. "గురికి దీన్ని మించింది లేదు. చవక, చప్పుడు తక్కువ, భుజం నొయ్యదు. యాభై గజాల దూరంల రూపాయి బిళ్లను కొట్టొచ్చు."

"మరి పందికో?"

"పందికి కోపమొస్తది. గిదిగో, గీ పెద్దది త్రీ ఫిఫ్టీన్. పంది ఆడికాడ్నే పడ్తది. గని రోజూ గురి నేర్చుకునుడు దీంతోటి అయ్యే పని కాదు. పైసలూ పోతయ్, భుజమూ పోతది."

"రెంటికీ పనికొచ్చే మధ్యరకం లేదా?"

"బయటి దేశాలల్ల ఉన్నయంట. మన సర్కారు చిన్నది చేస్తది, పెద్దది చేస్తది, నడిమిది చెయ్యదు."

అయితే రెండూ ఇంటికి తీసుకెళ్లి నలుగురికీ చూపించి చెబుతానంది ఆవిడ. తుపాకి లేకుండా తూటా ఇస్తే తనను లోపలేస్తారని సాయబు చెవులు పట్టుకున్నాడు. చివరికి బిల్లు కాగితం వెనక రెండింటి చుట్టూ పెన్సిలుతో గీత గీసుకుని, లావు దారంతో కొలుచుకుని వచ్చాం. ఊళ్లో వడ్రంగి చేత టేకుతో అచ్చం అలాంటివే రెండు చెక్కించింది. వాటిని కొంగున ముడి వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది.

ఊరంతా కళ్లజోడు సవరించుకుని కూర్చుంది. వెంకటరామారావు ఓటు పెద్దదానికి. ఇంట్లో తుపాకి మోగితే ఎక్కడో ఉన్న తల్లాడలో వినపడాలని ఆయన కోరిక. నేను చిన్నదే మేలన్నాను, గురి కుదిరితే చాలదా అని. ఆ మాట అన్నందుకు ఆయన నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఆ నెల నాకు ప్రాణం హాయిగా ఉంది.

ఈ చర్చ సాగుతుండగానే పందులు అరెకరం తినేశాయి.

అప్పుడు రూప్లా వచ్చాడు. చేనుకు తూర్పున, పిలిస్తే పలికే దూరంలో ఉన్న తండాకు అతను పెద్దమనిషి. ఒకప్పుడు బసవపున్నయ్యతో పాటు ఆ మోడులు పెకలించిన వాళ్లలో ఒకడు. పెద్ద టేకు తూటాను వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూశాడు.

"పంది పడ్డది. మంచిదే. దాంట్లకెల్లి బయటికొచ్చిన గుండు యాడ ఆగుతది అమ్మా?"

అంతమందిమి అన్ని రోజులు మాట్లాడుకున్నాం, ఒక్కరికీ ఆ అనుమానం రాలేదు. రూప్లా ఇంట్లో ఎనిమిది మంది ఉన్నారు, కాబట్టి అతనికి వచ్చింది.

వెంటనే క్లబ్బు కార్యదర్శికి జాబు రాశాను. ఆయన శ్రద్ధగా జవాబిచ్చాడు. చిన్న తూటా గుండు మైలు వరకూ, పెద్దది రెండు మైళ్లు దాటి కూడా ప్రమాదమే, గురి వెనక మట్టికట్టో గుట్టో లేకుండా దేన్నీ పేల్చకండి అని. ఇక్కడ నా బుద్ధి గడ్డి తిన్నది. విషయం అందరికీ తేలిగ్గా అర్థం కావాలని మండలం మ్యాపు తీసుకుని, చేను మీద కంపాస్ ముల్లు గుచ్చి, చిన్న తూటాకు ఎర్రగా, పెద్ద తూటాకు నీలంగా రెండు సున్నాలు చుట్టాను. దాన్ని భారతమ్మ గారి అరుగు గోడకు అంటించాను. నేను ఓటేసిన తూటా సున్నాలోనే నా బడి ఉందని అప్పుడే గమనించాను.

మర్నాటికి అరుగు మీద జనం. మూడోనాటికి పక్క ఊళ్ల నుంచి సైకిళ్లు. మా వైపు మ్యాపు మీద సున్నా చుట్టారంటే దానికి ఒకటే అర్థం: కింద బొగ్గు పడింది. ఇల్లందులో అలాగే చుట్టారు, భూమి పోయిన ఇంటికో ఉద్యోగం ఇచ్చారని చెప్పుకుంటారు.

"గా నీలం గీతల మా ఊరు సగమే వచ్చింది సారూ" అన్నాడు జైరాం అనే రైతు, రెండు మైళ్ల అవతలి ఊరివాడు. "మా కొట్టం లోపలున్నది, ఇల్లు బయటున్నది. జర ఇటు జరుపుండ్రి."

"జరపడానికి ఇది గేదె పలుపు కాదయ్యా" అన్నాను.

భారతమ్మ గారు బయటికి వచ్చి నిజం చెప్పింది. "నాయనా, ఇది తూటా పోయే దూరం. ఈ గీత లోపలున్న వాళ్లకి ఉద్యోగం రాదు, గుండొస్తుంది."

జైరాం నవ్వాడు. "ముందుగాల గట్లనే చెప్తరు."

ఆ వారంలో ఆవిడకు వచ్చిన కానుకలు: రెండు గుమ్మడికాయలు, ఒక కోడి, కుండెడు పెరుగు. అందరి వేడుకోలూ ఒకటే, పెద్ద తూటానే కొనమని. ఇంకా పెద్దది ఉంటే అదే కొనమని ఒకాయన చందా కూడా ఇవ్వబోయాడు. పందులు ఇంకో ఎకరన్నర తిన్నాయి. నేను మ్యాపు చింపేశాను. చింపేశాక నమ్మకం ఇంకా గట్టిపడింది.

ఒక ఉదయం ఆవిడ నన్ను చేనుకు రమ్మంది. చేతిలో రోకలి ఉంది.

"గుట్ట పడమటనుంది కదా మేష్టారూ. తూర్పు గట్టు మీంచి పేలిస్తే గుండు గుట్టలో దిగుతుంది. ఇక్కణ్ణించి చూపు ఆనుతుందో లేదో చూస్తాను."

తూర్పు గట్టు పొడుగునా ఆవిడ వేయించిన ముళ్లకంప ఉంది. దాన్ని ఆనుకుని బోర్లా పడుకుని, రోకలిని భుజానికి పెట్టి, ఒక కన్ను మూసింది. ఆ వయసులో ఆవిణ్ణి అలా చూసి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. కంప అవతల రూప్లా భార్య జమ్లి కట్టెలమోపుతో వెళ్తూ ఆగి మాత్రం కడుపారా నవ్వింది.

"ఏందమ్మా, రోకలితోటి పందిని కొడ్తవా?"

"నీ ఇంటికి గుండు తగలకుండా చూస్తున్నానే."

జమ్లి మోపు దించింది. నవ్వు ఆపింది. "గీ కంప పెట్టినంకనే గదమ్మా పందులొచ్చినయి. అంతకుముందు నీ చేన్లకెల్లే నడుస్తుంటిమి. గనికి పోయెటోళ్లు కోడి కూయక ముందే మబ్బుల పోతుండ్రి, రెండో షిఫ్టోళ్లు నడిజాముల వస్తుండ్రి. మేము పాలకు, కట్టెలకు. బొబ్బలు పెట్టుడు, బీడీలు, దగ్గులు. పందెట్లొస్తది? ఇప్పుడు మేం సుట్టూ తిరిగి పోతున్నం. నీ చేను సప్పుడు లేక పడున్నది."

భారతమ్మ గారు రోకలి దించలేదు, లేవలేదు. మూడేళ్ల కిందట భర్త పోయిన నెలలోనే మరిది చెప్పాడు, దారిన పోయేవాళ్లు తలా నాలుగు కాయలు పీకుతున్నారు, దారి మూసెయ్యమని. ఆవిడ మూయించింది. తహశీల్దారుకు అర్జీ రాసింది నేను. నా పదకొండు అర్జీల్లో అది మొదటిది.

"నాలుగు కాయలే జమ్లీ" అంది ఆవిడ. "నాలుగేసి కాయల కోసం. తప్పు చేశాను." లేచి, రోకలి పక్కన పడేసి, కంపను చేతుల్తోనే లాగడం మొదలుపెట్టింది. నేనూ ఒక పక్క పట్టుకున్నాను. నా అరచేతిలో మూడు ముళ్లు దిగాయి, అంతకన్నా తక్కువ శిక్ష నాకు సరిపోయేది కాదు.

ఆ సాయంత్రమే చేలో మళ్లీ దగ్గులు వినిపించాయి. పందులు రెండు రాత్రులు అంచు దాకా వచ్చి చూసి, గుట్ట వెనక్కి మళ్లాయి. మిగిలిన నాలుగెకరాల్లో ఇరవై ఆరు బస్తాల కాయ దక్కింది. కొలత చూడ్డానికి వచ్చిన వెంకటరామారావు ఒక బస్తా మీద కూర్చుని, బెజవాడ మాట ఎత్తకుండా మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. ఆవిడ ఆ రోజు నా ఎదుటే ఏడ్చింది, సంతోషానికే.

తుపాకి కొనే గడువు మాత్రం దాటిపోయింది. ఎందుకు కొనలేదో, పంటను దేనితో రక్షించుకున్నారో తెలపమని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. "ముప్పై ఎనిమిది మంది నడిచి రక్షించారు" అని, దారిన పోయేవాళ్లను లెక్కపెట్టి ఆవిడ చెప్పినట్టే రాశాను. నెల తిరక్కుండా జవాబు: సదరు ముప్పై ఎనిమిదికీ తయారీ, నంబరు, వాడే తూటా రకం విడివిడిగా నింపి పంపగలరు. వెంట ముప్పై ఎనిమిది గళ్ల ఫారం.

నేను విసిరికొట్టబోతే ఆవిడ అందుకుంది. "నింపుదాం. తూటా గడి ఖాళీగా వదిలెయ్యండి. వాళ్ల పేర్లు రాయండి."

కలం పట్టుకుని రూప్లా, జమ్లి అని రాశాను. మూడో గడి దగ్గర ఆగాను. ఆవిడ ఇంకో రెండు పేర్లు చెప్పి తనూ ఆగింది. ఆవిడ అక్కడికి వచ్చి ముప్పై ఏళ్లు, నేను వచ్చి పన్నెండు.

మర్నాడు తెల్లవారాక ఇద్దరం దారి పక్కన గట్టు మీద కూర్చున్నాం. వచ్చిన వాళ్లని వచ్చినట్టే ఆపి పేరు అడిగాం. దేవ్లా, మంగ్లి, దస్రు, ద్వాలి. ఒక ముసలామె గడ్డిమోపు దించకుండానే నిలబడి, పేరు పూలి అని చెప్పింది. ఆ దారిన రోజూ నా బడి ముందు నుంచే వెళ్లే మనిషి.

"పన్నెండేండ్ల సంది జూస్తున్నవ్ గద సారూ" అంది. "గిప్పుడెందుకు అడుగుతున్నవ్?"

పేరు ఇంకోసారి చెప్పమని అడిగి, గడిలో నెమ్మదిగా రాసుకున్నాను.